బిడ్డకు బెంగళూరు నీళ్లు పడలేదా? కుళాయి నుంచి నోటి దాకా సరిచేసుకునే పద్ధతి

"ఊళ్లో ఉన్నప్పుడు బాగానే ఉండేవాడు సిస్టర్. ఇక్కడికొచ్చిన కాడి నుంచి నెలకోసారి విరేచనాలు. బెంగళూరు నీళ్లు పడలేదంటోంది మా అత్తమ్మ. తిన్నది ఒంటికి పట్టడం లేదు. ఏం టానిక్ వాడమంటారు?"

కె.ఆర్.పురం వైపు పిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తున్న నన్ను మన తెలుగువాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. అనంతపురం నుంచి మేస్త్రీ పనికి వచ్చి రేకుల షెడ్డులో ఉంటున్న తల్లీ అడుగుతుంది, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్‌లో పద్నాలుగో అంతస్తు నుంచి వచ్చిన తల్లీ అడుగుతుంది. ప్రతిసారీ పది నిమిషాల్లో చెప్పడం కుదరక, పూర్తిగా రాసి పెడుతున్నాను.

టానిక్ కంటే ముందు మనకు కావలసింది ఇది: మలంలోని క్రిములు బిడ్డ నోటికి చేరే దారులు మూసేయడం. విరేచనాలు పట్టుకున్న ప్రతిసారీ బిడ్డ తినడం మానేస్తుంది, తిన్నది నిలవదు, జ్వరం ఉంటే ఉన్న బలమూ ఖర్చవుతుంది. కోలుకునేలోపే ఇంకోసారి వస్తే బరువు అక్కడే ఆగిపోతుంది. విరేచనాలు లేకపోయినా, రోజూ కొద్దికొద్దిగా మురికి కడుపులోకి పోతుంటే పేగు లోపలి గోడ దెబ్బతింటుంది. ఆ గోడ మీద ముఖమల్ గుడ్డ నూగులాంటివి ఉంటాయి. ఆహారంలోని సారాన్ని పీల్చుకునేవి అవే. అవి అణగారిపోతే ఎంత పెట్టినా ఒంటికి పట్టదు.

మొదట్లోనే ఇంకో మాట కూడా చెప్పాలి. బంగ్లాదేశ్, కెన్యా పల్లెల్లో వేలమంది పిల్లల మీద జరిపిన పరీక్షల ఫలితాలు 2018లో వచ్చాయి. నీళ్లు, మరుగుదొడ్డి, చేతుల శుభ్రత మాత్రమే సరిచేసిన ఇళ్లలో పిల్లల ఎత్తు పెరగలేదు. తిండి కూడా కలిపిన చోట కొంత పెరిగింది. బంగ్లాదేశ్‌లో విరేచనాలు మాత్రం బాగా తగ్గాయి. అందుకే ఈ రాతలో నీళ్లతోపాటు గిన్నెలోని అన్నానికీ చోటిచ్చాను.

1. ముందు మీ నీళ్లు ఎక్కడివో కనుక్కోండి

ఇది ఒక్క రోజు పని. ఓనర్‌నో, అపార్ట్‌మెంట్ సూపర్‌వైజర్‌నో నేరుగా అడగండి. ఒకే కుళాయిలో సోమవారం కావేరి, బుధవారం బోరు, శుక్రవారం ట్యాంకరు నీళ్లు రావడం ఈ ఊళ్లో మామూలే. ఒకే సంపులోకి (నేలలో కట్టిన నీళ్ల తొట్టి) మూడూ పడతాయి.

కావేరి నీళ్లు శుద్ధి అయి, క్లోరిన్ కలిసి వస్తాయి. కానీ రోజంతా రావు. నీళ్లు ఆగిన గంటల్లో పైపు ఖాళీగా ఉంటుంది. ఎక్కడైనా చిల్లు ఉండి పక్కనే మురుగు పారుతుంటే, ఖాళీ పైపు ఆ మురుగును లోపలికి లాగుతుంది. అందుకే నీళ్లు వదిలిన వెంటనే వచ్చే మొదటి బకెట్టు, రెండు బకెట్లు తాగడానికి పట్టొద్దు. ఇల్లు తుడవడానికి వాడుకోండి. నీళ్లు రంగు మారినా, మురుగు వాసన వచ్చినా జలమండలికి 1916 నంబరులో ఫిర్యాదు చేయండి. మీ వీధిలో నలుగురి చేతా చేయించండి.

బోరు, ట్యాంకరు నీళ్లలో రెండు రకాల చిక్కులుంటాయి: క్రిములు, కరిగి ఉన్న లవణాలు. ఇక్కడే చాలామంది పొరపడతారు. టీడీఎస్ మీటరు లవణాలను మాత్రమే చూపిస్తుంది. మీటరు 80 చూపించిన నీళ్లలో కూడా మలం క్రిములు ఉండొచ్చు.

నీళ్లను ల్యాబులో పరీక్ష చేయిస్తే, కాగితంలో ఈ వరుసలు చూడండి:

- ఈ.కోలై (మలంలో ఉండే క్రిమి): 100 మి.లీ. నీళ్లలో ఒక్కటీ ఉండకూడదు
- నైట్రేట్: లీటరుకు 45 మి.గ్రా. దాటకూడదు
- ఫ్లోరైడ్: 1 మి.గ్రా. లోపు మంచిది, 1.5 దాటకూడదు
- టీడీఎస్: 500 లోపు మంచిది

నైట్రేట్ ఎక్కువున్న నీళ్లను మరిగిస్తే అది తగ్గదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పాలపొడి కలుపుకునే చంటిబిడ్డకు ఆ నీళ్లు ప్రమాదం, పెదాలు, గోళ్లు నీలం తిరిగే జబ్బు వస్తుంది. అలాంటి ఇంట్లో ఆర్‌ఓ (కరిగిన లవణాలను కూడా తీసేసే ఫిల్టరు) కావాలి, లేదా తాగడానికి వేరే నీళ్లు తెచ్చుకోవాలి.

2. సంపు, పైట్యాంకు

బెంగళూరు ఇళ్లలో సంపు ఎక్కడుంటుంది? గేటు దాటగానే, బండి పెట్టే చోట, నేలకు సమానంగా. పొద్దున వాకిలి కడిగిన నీళ్లు, చెప్పుల మట్టి, కుక్క పోసిన ఉచ్చ, అన్నీ ఆ మూత సందుల్లోంచి లోపలికే పోతాయి. పక్కనే డ్రైనేజీ ఛాంబరు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మీరు అద్దెకుంటున్నా సరే, ఓనర్‌ను ఈ రెండు అడగడానికి మొహమాటపడొద్దు: మూత చుట్టూ నాలుగంగుళాల గట్టు, గట్టిగా బిగుసుకునే మూత.

ఆరు నెలలకోసారి సంపు, ట్యాంకు రెండూ కడిగించాలి. మనిషిని సంపులోకి దించేముందు మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి, పైన ఇంకో మనిషి ఉండాలి. మూసి ఉన్న గుంతలో ఊపిరాడక మనుషులు పోయిన ఘటనలు ఎన్నో ఉన్నాయి. ఎంత చిన్న సంపు అయినా ఒక్కరినే దించొద్దు.

ట్యాంకరు నీళ్లు దింపినప్పుడు బ్లీచింగ్ పౌడర్ వేసే వరుస:

1. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ తూకం వేయండి. 4000 లీటర్ల ట్యాంకరుకు 10 గ్రాములు, 6000 లీటర్లకు 15 గ్రాములు.
2. ప్లాస్టిక్ బకెట్టులో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత బకెట్టు ముప్పావు వంతు నిండేదాకా నీళ్లు పోసి కలపండి.
3. పది నిమిషాలు కదపకుండా ఉంచండి. సున్నం అడుక్కు దిగుతుంది.
4. పైన తేరిన నీళ్లు మాత్రమే సంపులో పోయండి.
5. గంటసేపు ఆగి, ఆ తర్వాతే మోటారు వేయండి.

మూత తెరిచి నెలల తరబడి ఉంచిన పౌడర్‌కు సత్తువ పోతుంది. చిన్న పొట్లాలే కొనండి. బ్లీచింగ్‌ను, బాత్‌రూం కడిగే యాసిడ్‌ను ఎప్పుడూ కలపకండి, ఒకదాని వెంట ఒకటి పోయకండి. విషవాయువు పుడుతుంది.

3. తాగే నీళ్లు: ఒక పద్ధతి ఎంచుకుని, దాన్నే సరిగ్గా చేయండి

మరిగించడం: క్రిములకు ఇంతకంటే నమ్మకమైనది లేదు. గిన్నె అడుగున బుడగలు రాగానే దించేస్తారు చాలామంది, అది చాలదు. కుతకుతమని పెద్ద బుడగలు మొదలయ్యాక ఒక నిమిషం ఉంచండి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైనున్నా, ఈ ఎత్తుకు ఒక్క నిమిషమే చాలు. పావుగంట మరిగిస్తే గ్యాసు దండగ. మరిగించిన గిన్నెలోనే మూతపెట్టి చల్లారనివ్వండి.

ఫిల్టరు: కావేరి నీళ్లే వస్తున్న ఇంట్లో టీడీఎస్ సాధారణంగా 500 లోపే ఉంటుంది. అక్కడ ఆర్‌ఓ అవసరం లేదు, యూవీ ఫిల్టరు (కాంతితో క్రిములను చంపేది) సరిపోతుంది. బోరు నీళ్లకైతే ఆర్‌ఓ. ఏదైనా సరే, సర్వీసు తేదీ ఫిల్టరు మీదే స్కెచ్ పెన్నుతో రాసిపెట్టండి. తేదీ దాటిన ఫిల్టరును నమ్మి చంటిబిడ్డకు నీళ్లు పట్టొద్దు. ఆ కొన్ని రోజులు మరిగించుకోండి.

క్లోరిన్ మాత్ర: రేకుల షెడ్డులో, గ్యాసుకు కటకట ఉన్న ఇంట్లో ఇదే మేలు. ఎన్ని లీటర్లకు ఎన్ని మాత్రలో ప్యాకెట్టు మీద ఉంటుంది, మాత్రల బలాన్ని బట్టి మారుతుంది, చదివి వేయండి. నీళ్లు మబ్బుగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టాలి. వేశాక అరగంట ఆగాలి.

క్యాను నీళ్లు: సీలు విప్పనిది, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉన్నదీ తీసుకోండి. నాణెం వేసి నీళ్లు పట్టుకునే శుద్ధ నీటి ఘటకం మీ వీధిలో ఉంటే, అక్కడ వచ్చే నీళ్ల కంటే మీరు తీసుకెళ్లే క్యాను మీదే నాకు అనుమానం ఎక్కువ. లోపల పాచిపట్టిన క్యానులో ఎంత మంచి నీళ్లు పోసినా అంతే. వారానికోసారి సబ్బునీళ్లు, బియ్యం గింజలు వేసి గిలకరించి కడగండి, కొద్దిగా క్లోరిన్ నీళ్లతో తొలిచి ఆరబెట్టండి. డిస్పెన్సరు కుళాయి మూతిని కూడా మర్చిపోకండి.

ఇక అసలు తప్పు జరిగే చోటు. కదిరి వైపు నుంచి వచ్చిన ఒక జంట, పది నెలల పాప. మూడు నెలల్లో మూడుసార్లు వార్డుకొచ్చారు. ఇంట్లో కొత్త ఆర్‌ఓ ఉంది. "ఇంతకంటే ఏం చేయాలక్కా?" అని ఆ అమ్మాయి ఏడ్చింది. నీళ్లు ఎలా పెట్టుకుంటారని అడిగితే చెప్పింది: ఆర్‌ఓ నుంచి స్టీలు బిందెలోకి పడతారు, బిందె మీద పళ్లెం, పళ్లెం మీద గ్లాసు. ఎవరికి దాహమేస్తే వాళ్లు గ్లాసు ముంచుకుంటారు. పని నుంచి వచ్చిన మామగారు, బడి నుంచి వచ్చిన పెద్దబ్బాయి, అందరి వేళ్లూ ఆ నీళ్లలోనే. కుళాయి ఉన్న స్టీలు డబ్బా కొనుక్కోమని చెప్పాను. పాలసీసా మాన్పించి ఉగ్గుగిన్నె పట్టించాను. ఆ తర్వాత ఆరు నెలలు పాప టీకాలకు తప్ప రాలేదు.

నీళ్ల డబ్బా చెక్‌లిస్టు:

- కుళాయి ఉన్న డబ్బా, లేదా సన్నమూతి బిందె. నీళ్లు వంచుకోవాలి, ముంచకూడదు
- ముంచక తప్పకపోతే పొడుగు కాడ గరిటె, అది గోడకు వేలాడాలి, నేల మీద పెట్టకూడదు
- మూత ఎప్పుడూ బిగించి ఉండాలి, దోమలు గుడ్లు పెట్టకుండా కూడా
- రోజూ ఖాళీ చేసి తోమి, కొత్త నీళ్లు. నిన్నటి నీళ్ల మీద ఇవాళ్టివి పోయొద్దు
- డబ్బా పెద్దవాళ్ల నడుమెత్తు గట్టు మీద, పిల్లల చేతికి అందకుండా

4. చేతులు

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇది. సబ్బుతో చేతులు కడిగే అలవాటు పెంచిన చోట్ల పిల్లల విరేచనాలు దాదాపు 30 శాతం తగ్గినట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. అందరికీ తెలిసినదే, చేసేది తక్కువమంది. కారణం బద్ధకం కాదు, సబ్బు చేతికి అందే చోట లేకపోవడం.

కాబట్టి ముందు రెండు చోట్లు సిద్ధం చేయండి. ఒకటి మరుగుదొడ్డి బయట, ఇంకోటి వంటగట్టు దగ్గర. ఒంటిగది ఇల్లయితే తలుపు పక్కన ఒక బకెట్టు, మగ్గు, సబ్బు. సబ్బు ఎవరో ఎత్తుకుపోతున్నారా? పాత నీళ్ల సీసా మూతకు చిల్లు పెట్టి, లీటరు నీళ్లలో రెండు మూడు చెంచాల బట్టల పొడి కలిపి వేలాడదీయండి. చేతులకు అది చాలు, నెలకు పది రూపాయల మాట.

కడగాల్సిన వేళలు ఐదు: మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, బిడ్డకు కడిగాక లేదా డైపరు మార్చాక, వంట మొదలుపెట్టే ముందు, తినే ముందు, బిడ్డకు తినిపించే ముందు. అన్నిటికీ కుదరని రోజున రెండో దాన్ని, ఐదో దాన్ని మాత్రం వదలొద్దు.

ఇరవై సెకన్లు రుద్దాలి. వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల కింద. కడిగాక చీర కొంగుకో, వంటింటి మసిగుడ్డకో తుడుచుకుంటే కడిగిందంతా వృథా. గాలికి ఆరనివ్వండి. బిడ్డ చేతులూ కడగాలి, ఎందుకంటే నోట్లోకి ఎక్కువసార్లు పోయేవి ఆ చేతులే. ఆదివారం ఆదివారం ఇంటిల్లిపాదికీ గోళ్లు తీయండి.

అన్నం కలిపి పెట్టే నానమ్మకు, అమ్మమ్మకు ఈ మాట ఎలా చెప్పాలని కోడళ్లు అడుగుతుంటారు. "చేతులు కడుక్కోండి" అంటే నొచ్చుకుంటారు. పళ్లెం అందించేటప్పుడే చెంబూ సబ్బూ కూడా అందించి, "ఇదిగో అత్తమ్మా, నీళ్లు పోస్తాను" అనండి. మన ఇళ్లలో తినేముందు చేతికి నీళ్లు పోయడం మర్యాదే కదా, దానికి సబ్బు జోడిస్తే సరి.

5. బిడ్డ మలం, డైపరు, మరుగుదొడ్డి

"పాలు తాగే బిడ్డది, దానిలో ఏముంది" అనుకుంటాం. పెద్దవాళ్ల మలంలో ఉన్నంత ప్రమాదం అందులోనూ ఉంటుంది. పసిపిల్లలకు ఎక్కువసార్లు విరేచనాలవుతాయి కాబట్టి ఒక్కోసారి క్రిములు ఇంకా ఎక్కువే ఉంటాయి.

ఇలా చేయండి:

1. డైపరులో గట్టిగా ఉన్న మలాన్ని మరుగుదొడ్డిలో వేసి నీళ్లు కొట్టండి.
2. డైపరును చుట్టి, పాత న్యూస్‌పేపరులో పొట్లం కట్టి, మీద ఎర్ర పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టండి. తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో, ఇది ఎర్ర డబ్బాలో. చెత్త తీసుకెళ్లే పౌరకార్మికులు దాన్ని చేత్తో విప్పాల్సిన గతి రాకూడదు.
3. గుడ్డలైతే మలాన్ని మరుగుదొడ్డిలో దులిపి, సబ్బుతో విడిగా ఉతికి, ఎండలో ఆరేయండి. వంటింటి సింకులో ఉతకొద్దు.
4. బిడ్డకు సబ్బుతో కడగండి. తర్వాత మీ చేతులు.

వాకిట్లో కాలువ మీద కూర్చోబెట్టడం, పేపరు మీద దొడ్డికి కూర్చోబెట్టి ఖాళీ సైటులోకి విసరడం, రెండూ వద్దు. ఆ ఖాళీ సైటులోనే సాయంత్రం పిల్లలు ఆడతారు. ఏడాదిన్నర దాటాక చిన్న పాటీ కొని అలవాటు చేయండి.

పది కుటుంబాలకు ఒక మరుగుదొడ్డి ఉన్న చోట తాళం వేసి వంతులు పెట్టుకోవడం మంచిది. తాళంచెవి ఉన్న ఇళ్లవాళ్లు కడుగుతారు, అందరిదీ అయితే ఎవరూ కడగరు. లోపల చెత్తబుట్ట, మగ్గు, బయట సబ్బు. అంతే.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక. శుద్ధి చేసిన మురుగునీటిని ఫ్లష్‌కు, తోటకు మళ్లించడం ఇక్కడి పెద్ద అపార్ట్‌మెంట్లలో మామూలు. పచ్చికకు నీళ్లు చిమ్మే వేళ పిల్లలను ఆ తుంపరల్లో ఆడనివ్వొద్దు. బాత్‌రూంలోని జెట్ స్ప్రేకు మంచినీళ్ల పైపే ఇచ్చారో లేదో మెయింటెనెన్స్ వాళ్లను అడిగి ఖాయం చేసుకోండి.

6. పాకే బిడ్డ, నేల

ఏడో నెల నుంచి ఏడాదిన్నర దాకా విరేచనాలు ఎక్కువ. "పళ్లొస్తున్నాయి కదా, అందుకే" అంటారు. పళ్ల వల్ల కాదు. అదే వయసులో బిడ్డ పాకుతుంది, దొరికింది నోట్లో పెట్టుకుంటుంది, పైతిండి మొదలవుతుంది. మూడూ ఒకేసారి వస్తాయి.

చెప్పులు గుమ్మం బయటే. బిడ్డ పాకేందుకు ఒక చాప కేటాయించండి, దాని మీద ఎవరూ చెప్పులతో నడవొద్దు, రెండు రోజులకోసారి ఉతకండి. నోట్లో పెట్టుకునే బొమ్మలు రోజూ సబ్బుతో కడగాలి. బాల్కనీలో పావురాల రెట్టలుంటే నీళ్లు చల్లి తడిపి తుడవండి, పొడిగా ఊడిస్తే దుమ్ములేస్తుంది. మరుగుదొడ్డి తుడిచిన మాప్‌తో హాలు తుడవకూడదు. పనిమనిషి ఉంటే రెండు రంగుల మాప్‌లు కొనిపెట్టండి.

7. పాలు, ఉగ్గు, అన్నం

ఆరు నెలల దాకా తల్లిపాలు మాత్రమే. నీళ్లు కూడా వద్దు, ఏప్రిల్ ఎండల్లో కూడా వద్దు. పాలలోనే కావలసినన్ని నీళ్లున్నాయి. తేనె నాకించడం, ఆముదం, గ్రైప్ వాటర్, ఇవి కూడా వద్దు. తేనె ఏడాది నిండేదాకా ముట్టించకూడదు. తల్లిపాలు తాగే పసిబిడ్డ రోజుకు ఐదారుసార్లు పసుపుపచ్చగా, పలచగా వెళ్తూ, హుషారుగా ఉండి బరువు పెరుగుతుంటే అది విరేచనాల జబ్బు కాదు. దానికి మందులు వేయకండి.

పాలపొడి తప్పనిసరైతే ఒక సంగతి గుర్తుంచుకోండి. పొడిలో కూడా క్రిములుండొచ్చు. నీళ్లు మరిగించి, అరగంటలోపే, ఇంకా 70 డిగ్రీల వేడి తగ్గకముందే పొడి కలిపి, తర్వాత గిన్నెను చన్నీళ్లలో ఉంచి చల్లార్చి, చేతి మీద చుక్క వేసుకుని చూసి తాగించండి. పొదుపు కోసం పలచగా కలపొద్దు. మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయండి.

పాలసీసా కంటే మన పాత ఉగ్గుగిన్నె ఎంతో మేలు. సందులు లేవు, రబ్బరు లేదు, తోమితే మెరుస్తుంది. సీసానే వాడితే వాడిన ప్రతిసారీ బ్రష్‌తో తోమి, పీకతో సహా నీళ్లలో మునిగేలా పెట్టి పది నిమిషాలు మరిగించాలి.

ఆరు నెలలు నిండగానే పైతిండి. ఏడో నెల దాటితే బిడ్డ వెనకబడుతుంది.

- 6 నుంచి 8 నెలలు: రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి అరకప్పు దాకా, రోజుకు 2, 3 సార్లు
- 9 నుంచి 11 నెలలు: అరకప్పు, రోజుకు 3, 4 సార్లు, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి
- 12 నుంచి 23 నెలలు: ముప్పావు కప్పు నుంచి కప్పు, 3, 4 సార్లు, మధ్యలో చిరుతిండి

తల్లిపాలు రెండేళ్లూ, ఆ పైనా ఇవ్వొచ్చు.

ఇక్కడ మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు పలుచన. రాగి జావ గ్లాసెడు తాగించి కడుపు నిండిందనుకుంటాం. నిండింది నీళ్లతో. గరిటె వంచితే ముద్ద జారకుండా నిలవాలి, అంత చిక్కగా ఉండాలి. పప్పునీళ్లు, చారునీళ్లు తిండి కింద లెక్కపెట్టకండి. పప్పు గింజలే మెదిపి పెట్టండి.

రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి పట్టిస్తే ఆ పిండి వండినప్పుడు అంతగా గట్టిపడదు. అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది, బలమూ ఎక్కువ. మొలకల తడిలో క్రిములు పెరుగుతాయి కాబట్టి బాగా ఉడికించడం మాత్రం మానొద్దు. ప్రతి ముద్దలో ఒక చెంచా నెయ్యో నూనో. గుడ్డు, చేప, మెత్తగా నూరిన వేరుశనగ, ఆకుకూర, బొప్పాయి, ఆరు నెలలు నిండినప్పటి నుంచే ఒక్కొక్కటిగా. టీలో బిస్కెట్టు ముంచి పెట్టడం ఎంత తొందరగా మానేస్తే అంత మంచిది. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

వండింది రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు. "బెంగళూరు చల్లగా ఉంటుంది కదా" అని పొద్దున కిచిడీ సాయంత్రం పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఫ్రిజ్‌లో పెట్టింది పొగలు వచ్చేదాకా వేడిచేసి, చల్లార్చి పెట్టండి. బిడ్డ ఎంగిలి చేసిన గిన్నెలోది దాచొద్దు. క్రెష్‌లో వదిలే బిడ్డకైతే పెరుగన్నం కంటే అప్పటికప్పుడు ఒలిచే అరటిపండు, ఉడికించి తొక్కతో పంపిన గుడ్డు మేలు.

8. విరేచనాలు పట్టుకుంటే, ఈ వరుసలో

1. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు విప్పి, లీటరుదైతే సరిగ్గా లీటరు నీళ్లలో మొత్తం కలపండి. సగం ప్యాకెట్టు గ్లాసులో అంటూ అంచనాలు వద్దు. మరిగించి చల్లార్చిన నీళ్లయితే మంచిది. పంచదార కలపొద్దు, కలిపాక మరిగించొద్దు.
2. ప్రతి విరేచనానికీ రెండేళ్లలోపు బిడ్డకు 50 నుంచి 100 మి.లీ., రెండేళ్లు దాటిన పిల్లలకు 100 నుంచి 200 మి.లీ. చెంచాతో మెల్లగా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టండి.
3. 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలపండి.
4. జింకు: 2 నుంచి 6 నెలల బిడ్డకు రోజుకు 10 మి.గ్రా., ఆపైన 20 మి.గ్రా., మొత్తం 14 రోజులు. మూడో రోజు విరేచనాలు ఆగగానే మానేస్తారు, అలా చేయొద్దు.
5. పాలు, తిండి ఆపొద్దు. లంఖణం పెద్దలకేమో, పిల్లలకు కాదు. మెత్తటి పెరుగన్నం, పెసరపప్పు కిచిడీ, అరటిపండు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి.
6. తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట ఎక్కువ పెట్టండి. పోయిన బరువు తిరిగొచ్చేది ఈ రెండు వారాల్లోనే.

మందుల షాపులో టెట్రా ప్యాక్‌లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. అలాంటి వాటి మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. వాటిలోని పంచదార విరేచనాలను పెంచుతుంది. ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూడండి. అర్ధరాత్రి ప్యాకెట్టు దొరకకపోతే లీటరు నీళ్లకు తలకొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. తెల్లారగానే ప్యాకెట్టు తెచ్చుకోండి.

విరేచనాలు ఆపే మాత్రలు, పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ మీ అంతట మీరు వేయకండి.

ఇవి కనిపిస్తే ఇంట్లో ఆగొద్దు, అవసరమైతే 108కి ఫోన్ చేయండి:

- మలంలో రక్తం
- ఆరు గంటలుగా మూత్రం లేదు
- కళ్లు లోపలికి పోయాయి, పొట్ట చర్మం గిల్లి వదిలితే మెల్లగా వెనక్కి పోతోంది
- మగతగా ఉంది, తాగలేకపోతోంది, తాగిందల్లా కక్కుతోంది
- ఎక్కువ జ్వరం
- రెండు నెలలలోపు బిడ్డకు ఎలాంటి విరేచనాలైనా

9. టీకా, నులిపురుగుల మందు, బరువు

రోటావైరస్ చుక్కలు 6, 10, 14 వారాల్లో. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. మొదటి కాన్పుకు ఊరెళ్లి, అక్కడ ఒక మోతాదు వేయించి, ఇక్కడికొచ్చాక మర్చిపోయే తల్లులు చాలామంది. ఊళ్లో ఇచ్చిన కార్డు తెచ్చుకుని ఇక్కడ చూపించండి, కన్నడ రాదని వెనకాడకండి. ఇక్కడ దాన్ని తాయి కార్డు అంటారు. అంగన్‌వాడీ అక్కల్లోనూ, నమ్మ క్లినిక్ (వార్డుల్లోని ప్రభుత్వ క్లినిక్) సిబ్బందిలోనూ తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలామందే ఉన్నారు.

నులిపురుగుల మాత్ర ఏడాది నిండాక ఆరు నెలలకోసారి. జాతీయ నులిపురుగుల దినాలు ఫిబ్రవరి 10, ఆగస్టు 10, అంగన్‌వాడీలోనే వేస్తారు. ఒకటి నుంచి రెండేళ్ల బిడ్డకు 400 మి.గ్రా. మాత్రలో సగం పొడిచేసి, రెండు నుంచి మూడేళ్ల బిడ్డకు పూర్తి మాత్ర పొడిచేసి, ఆపైన పూర్తి మాత్ర నమిలించి. విటమిన్ ఎ తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ల దాకా.

ఏడాదిలోపు నెలనెలా, తర్వాత మూడు నెలలకోసారి బరువు, ఎత్తు రెండూ తూచి, కొలిపించండి. పుట్టిన బరువు ఐదారు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు కావాలి. ఆరు నెలలు దాటిన బిడ్డ జబ్బ చుట్టుకొలత 12.5 సెం.మీ. కంటే తక్కువుంటే జాగ్రత్త పడాలి, 11.5 కంటే తక్కువైతే ఆ రోజే డాక్టరు దగ్గరికి. వరుసగా రెండు నెలలు బరువు పెరగకపోయినా చూపించండి.

10. మొదటి వారం ఏ రోజు ఏ పని

అన్నీ ఒకేరోజు మొదలుపెడితే మూడో రోజుకు అన్నీ ఆగిపోతాయి.

- సోమవారం: రెండు చోట్ల సబ్బు
- మంగళవారం: కుళాయి ఉన్న నీళ్ల డబ్బా
- బుధవారం: నీళ్లు ఎక్కడివో విచారణ, సంపు మూత చూడటం
- గురువారం: డైపర్లకు ఎర్ర డబ్బా, మాప్ విడదీయడం
- శుక్రవారం: జావ చిక్కబరచడం, నెయ్యి చేర్చడం
- శనివారం: రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింకు మాత్రలు కొని అల్మారాలో పెట్టడం
- ఆదివారం: బరువు తూచి కార్డులో రాయించడం, గోళ్లు

ఆదివారమే ఒక చిన్న నోటుబుక్కు కూడా పెట్టండి. విరేచనాలైన తేదీ, ఎన్నిసార్లు, ముందు రోజు ఏం తిన్నది, నీళ్లు కావేరివా ట్యాంకరువా, ఎవరు తినిపించారు. మూడు నెలలు రాస్తే మీ ఇంట్లో ఏ దారి ఇంకా తెరిచి ఉందో ఆ పేజీల్లోనే కనిపిస్తుంది. డాక్టరు దగ్గరికొచ్చేటప్పుడు ఆ పుస్తకం, తాయి కార్డు రెండూ తెచ్చుకోండి.